మచ్చ లేని మణికట్టు

అక్టోబరు 6, సోమవారం

చేరాం. కాళ్లు దిమ్మల్లా వాచాయి. విమానంలో పక్క సీటాయన నా భుజాన్ని దిండు అనుకున్నాడు. లేపబోతే చెల్లి బుజ్జి సైగ చేసింది, పోనీలే అక్కా అని. దాని జాలికి ఎప్పుడూ నా భుజమే దొరుకుతుంది.

బస గది బాగుంది. పైకప్పు ఏటవాలుగా దిగుతుంది, కిటికీ దగ్గర చూసుకోకుండా నిలబడితే తల కొట్టుకుంటుంది. గది తాళాలకు అంకెలు లేవు, చెక్కతో చేసిన పిట్టబొమ్మలు వేలాడుతున్నాయి. మేం గుడ్లగూబలం. మాతో యాత్రకొచ్చిన హెడ్మాస్టారూ వాళ్లావిడా బాతులు. ఆయన రిటైరై ఎన్నాళ్లైనా మమ్మల్ని వరసలో నిలబెట్టి బస్సెక్కిస్తున్నారు.

ఇక్కడ బళ్లన్నీ రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. బస్సు తలుపు కూడా కుడివైపే. నేను అలవాటు కొద్దీ ఎడమవైపు వెళ్లి, తలుపు లేని రేకును తడుముతూ నిలబడ్డాను. గైడమ్మాయి పడీ పడీ నవ్వింది.

నోరు విప్పితే గొడవవుతుంది కాబట్టి రాసుకుంటున్నాను. చెల్లి పెళ్లి చేసుకుంటోందట. నలభై దాటాక. దాని ఆసుపత్రి ఎదురుగా మందుల షాపు ఉంది, ఆ షాపాయనను. గడుసుది, ప్రయాణం టిక్కెట్లు తీశాకే చెప్పింది. ముందు చెబితే నేను రానని తెలుసు. నర్సు ఉద్యోగం కదా, సూది గుచ్చాక గాని నొప్పి సంగతి చెప్పదు.

నాకేం కోపం లేదు. చేసుకోనీ.

అమ్మ పోయేనాటికి దానికి జడ వేసుకోవడం కూడా రాదు. అప్పటినుంచీ దాని ఒంటి మీదకు వెళ్లిన ప్రతి గుడ్డా నా మిషను మీంచే వెళ్లింది. దాని ఎడమ భుజం కుడిదానికన్నా అర వేలు కిందికి ఉంటుంది. ఆ సంగతి నాకూ నా టేపుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎడమపక్క లోపల పలచటి మెత్త వేసి కుట్టి, లోకం కళ్లు కప్పుతాను. కొలతలు నోటికొచ్చు, టేపు పెట్టి ఎన్నేళ్లయిందో. ఇకమీదట ఆ మందులాయన దానికి రెడీమేడు జాకెట్లు కొంటాడు కాబోలు.

పెళ్లి జాకెట్టు గుడ్డ పెట్టెలో పెట్టి తెచ్చింది. నా కత్తెర కూడా అందులోనే సర్దింది. "సాయంత్రాలు ఖాళీయే కదక్కా, చేత్తో మొదలుపెట్టు, మిగతాది ఇంటికెళ్లాక మిషను మీద చూద్దువుగాని" అంది. వినబడనట్టు కిటికీ దగ్గరికి వెళ్లాను. తల ఠంగుమని కొట్టుకుంది. "అయ్యో" అంటూ వచ్చి నుదురు చూసి, పక్కన కూర్చుని నా ఎడమ చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. మణికట్టు మీద ఇస్త్రీపెట్టె మచ్చ ఉంది కదా, దాన్ని బొటనవేలితో నిమురుతుంది. చిన్నప్పుడు ఆ ఇస్త్రీపెట్టెను నా మీదకు తోసింది అదే. అప్పటినుంచీ ఎక్కడ కూర్చున్నా దాని వేలు అక్కడికి వస్తుంది. తనకే తెలియదు నిమురుతున్నట్టు.

చెయ్యి లాక్కోలేదు. అంత కోపం లేదు నాకు.

అక్టోబరు 7, మంగళవారం

పెద్ద చర్చి. మెడ పడిపోయేంత ఎత్తు. కిటికీల రంగుటద్దాల్లోంచి పడిన ఎరుపూ నీలం మాస్టారి బట్టతల మీద వాలితే వాళ్లావిడే ముందు నవ్వింది. లోపల ఒక రాతి మనిషి చేతులు జోడించి పడుకుని ఉన్నాడు. అంగీ కుచ్చిళ్లు అన్నీ రాయే, అయినా అడ్డంగా పోసిన కుట్టు కూడా తెలుస్తోంది. చెక్కినవాడు కుట్టుపని ఎరిగినవాడు. ఆయన కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

చెల్లి మళ్లీ అడిగింది. "చేతులు పొడుగ్గా పెడతావా, కొంచెం పొట్టిగానా?"

"మీ ఆయన్ని అడుగు" అన్నాను.

దాని వేలు మాత్రం మచ్చ మీదే ఉంది.

అక్టోబరు 8, బుధవారం

కూలిపోయిన చర్చి చూశాం. పైకప్పు ఎప్పుడో పోయిందట. గోడలూ తోరణాలూ నిలబడి ఉన్నాయి. నేల కుంగి మధ్యలో ఊటనీరు చేరింది. ఆ నీళ్లు కదలవు. పక్షి రెక్క కొట్టినా, గాలి వీచినా కదలలేదు. నీళ్లలో ఇంకో చర్చి ఉంది, పైదానికన్నా అదే కుదురుగా కనిపించింది. పైన విరిగిన తోరణం కింద విరగనట్టు అనిపించి కళ్లజోడు తుడుచుకుని చూశాను. విరిగే ఉంది.

గైడమ్మాయి ముందే చెప్పింది. "ఈ పక్కనుంచే వెళ్లి ఈ పక్కనుంచే రండి. చుట్టూ తిరగొద్దు, వెనక గోడ బీటలిచ్చింది" అని. వింటే బాగుండేది. కానీ దేవుడి ఇంటికి వెళ్లి చుట్టూ తిరగకుండా వచ్చేయడం నా కాళ్లకు అలవాటు లేదు. ఎవరి దేవుడైతేనేం. చెల్లి ఫోటోలు తీసుకుంటోంది, ఎవరికి పంపడానికో తెలిసిందే. అందరూ అటు వెళ్లగానే నేను సంచీ భుజాన వేసుకుని, దేవుణ్ణి కుడిచేతివైపు ఉంచుకుని ప్రదక్షిణం మొదలుపెట్టాను. దీని మనసు మార్చు స్వామీ, నా చెల్లిని నా దగ్గరే ఉంచు అనుకుంటూ నడిచాను.

వెనక గోడకు సందు ఉంది, ఒక్క మనిషి పట్టేంత. అందులోకి అడుగు పెట్టాక చూస్తే ఎదురుగా ఎవరో వస్తున్నారు. ఆడమనిషి. వెలుతురు ఆవిడ వెనక ఉండటంతో మొహం తెలియలేదు. ఇద్దరం గోడలకు అతుక్కుని తప్పుకున్నాం. భుజానికి భుజం తగిలింది. "సారీ" అన్నాను. సరిగ్గా అదే క్షణంలో ఆవిడా అంది. ఆవిడ దగ్గర మిషను నూనె వాసన వచ్చింది. ఇంత దూరంలో ఆ వాసన తగిలేసరికి ప్రాణం లేచొచ్చినట్టయి, పలకరిద్దామని తిరిగాను. సందు ఖాళీగా ఉంది.

నీళ్ల మీద అప్పుడు ఒక్క అల కదిలింది.

అవతలికి వస్తే చెల్లి అక్కడే నిలబడి ఉంది. "ఎక్కడికి పోయావక్కా, చంపేశావు" అంది. నేను బస్సుకు కుడివైపు వెళ్లాను. తలుపు ఎడమవైపు ఉంది.

అదే రోజు, సాయంత్రం

కొత్త ఊరు, కొత్త బస. తాళానికి ఈసారి ఆకుల బొమ్మలు.

ఇక్కడ బళ్లు మన ఊళ్లోలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తున్నాయి, హమ్మయ్య. గైడమ్మాయితో ఆ మాటే అంటే "దేశమంతా ఒకటే రూలు ఆంటీ" అంది. ఏదో పొలిమేర దాటి ఉంటాం. పిల్లది, దానికేం తెలుసు.

బస్సులో చెల్లి స్వెట్టరు చూశాను. బొత్తాలు కుడిపక్కన ఉన్నాయి. ఆడవాళ్లవాటికి ఎడమపక్కన ఉండాలి. మగవాళ్ల స్వెట్టరు! పొద్దున గమనించలేదు. అంటే అప్పుడే ఒకరి స్వెట్టర్లు ఒకరు వేసుకునేదాకా వచ్చిందన్నమాట. అడగలేదు. ఎందుకు అడగాలి?

పక్కన కూర్చుని అలవాటుగా నా చెయ్యి అందుకుంది. నిమరబోయి ఆగిపోయింది. ఆ చెయ్యి వదిలి రెండోది చూసింది. నా మొహంలోకి చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, దిగేదాకా ఇటు తిరగలేదు. భుజాలు కదిలాయి, ఏడ్చినట్టుంది. ఫోనులో మందులాయనతో ఏదో అయి ఉంటుంది. పాపం అనిపించింది, కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది.

భోజనం దగ్గర పళ్లెం నాకు ఎడమ చేత్తో అందించింది. "ఎడం చేత్తో ఇస్తావేంటే? నేను పెంచిన పెంపకమేనా ఇది?" అన్నాను.

"ఇది కుడి..." అని ఆగింది. తన చేతివైపు చూసుకుంది, నా చేతివైపు చూసింది. పళ్లెం రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది.

నా ఫోను పనిచేయడం లేదు. చర్చి దగ్గరినుంచీ సిగ్నలే లేదు. దాని ఫోను పనిచేస్తోంది.

అక్టోబరు 9, గురువారం

జలపాతం. చెవులు హోరెత్తిపోయాయి. కొండ అంచున మాస్టారు అందరికీ పాఠం చెప్పారు, చెయ్యి చాపి చాపి చూపించారు. ఎడమ చెయ్యి. మొన్న కుడిచేత్తో కదా వరసలు సర్దారు? వాళ్లావిడ ఆయనకు ఎడమ చేత్తో మంచినీళ్లు ఇచ్చింది. ఆయన ఎడమ చేత్తో పుచ్చుకుని తాగారు. మాస్టారై ఉండి ఆమెను ఒక్క మాట అనలేదు.

కొండ దిగువన ఊళ్లో గడియారం గోపురం ఉంది. ముళ్లు వెనక్కి నడుస్తున్నాయి. పాడైపోయింది కాబోలు, ఎవరూ పట్టించుకోరు. "చూడవే, వెనక్కి తిరుగుతోంది" అని చూపిస్తే చెల్లి పైకి చూసి, "అవునక్కా" అంది. పక్కనున్న మాస్టారు "ఎక్కడమ్మా, బ్రహ్మాండంగా తిరుగుతుంటే!" అన్నారు. చెల్లి ఆయన్ని కళ్లతోనే ఆపింది. నేను చూశాను ఆపడం.

కాఫీలో ఎంత పంచదార వేసినా తీపి తెలియడం లేదు.

కొండ దిగేటప్పుడు నేను దాని వెనకున్నాను. మెట్లు తడిగా ఉన్నాయని మెల్లగా దిగుతోంది. కుడి భుజం కిందికి ఉంది.

ఇంకోసారి చూశాను. ముందుకు వెళ్లి తిరిగి చూశాను. ఆగమని చెప్పి, కొంగు సర్దే నెపంతో రెండు భుజాల మీదా చేతులు వేసి చూశాను. కుడి భుజం. అర వేలు. ఎడమది నిటారుగా ఉంది. మనిషి మొహం మార్చుకోగలదు, మాట మార్చుకోగలదు, ఎముక ఎలా మార్చుకుంటుంది?

అదే రోజు

అది మా చెల్లి కాదు.

నిద్ర చాలక ఏదో రాశాను, పై మాట కొట్టెయ్యాలి.

కొట్టెయ్యను.

అక్టోబరు 10, శుక్రవారం

కొండ మీద శిథిలాలు. సన్యాసులు ఉండేవారట. గదులన్నీ పోయి గుమ్మాలు మిగిలాయి. ఒక గుమ్మంలో నేనూ ఇంకో గుమ్మంలో ఆ మనిషీ కూర్చున్నాం. గాలి ఆ గుమ్మాల్లోంచి దూరి వచ్చేటప్పుడు ఎవరో పళ్ల సందునుంచి ఊపిరి పీల్చినట్టు చప్పుడవుతోంది.

పరీక్ష పెట్టాను. మామూలుగా కబుర్లాడుతున్నట్టే.

"నీకు నేను మొట్టమొదట కుట్టింది ఏంటో గుర్తుందా?"

"ఆకుపచ్చ గౌను. జేబు కుట్టడం మర్చిపోయి, జేబులో పోసుకోమని రేగుపళ్లు ఇచ్చావు. నేను జేబు వెతుక్కుంటుంటే ఒకటే నవ్వావు."

"అమ్మ పోయిన రోజు నువ్వు ఎక్కడ పడుకున్నావు?"

"నీ మిషను కింద. కాలితో తొక్కే పలక మీద తల పెట్టుకుని. నువ్వు మర్నాడంతా మిషను తొక్కలేదు, నేను లేస్తానని."

అన్నీ సరిగ్గా చెప్పింది. ఎవరు నేర్పారోగాని బాగా నేర్పారు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, అవి దానికి కనబడకుండా తల తిప్పుకున్నాను. అది దగ్గరికి వచ్చి కూర్చుని, నా కుడి చెయ్యి తీసుకుంది. మణికట్టు మీద బొటనవేలు పెట్టి నిమరసాగింది. మచ్చ లేని చోట. ఏమీ లేని చర్మం మీద అటూ ఇటూ నిమురుతూ ఎటో చూస్తోంది.

అన్నీ నేర్చుకున్నది ఈ ఒక్కటీ నేర్చుకోవడం మరిచింది. మచ్చ ఏ చేతికి ఉందో తెలియదు దానికి!

చెయ్యి లాగేసుకున్నాను. "తాకకు" అన్నాను.

అది తన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

మా చెల్లి ఆ నీళ్ల దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. నేను చుట్టూ తిరిగి వచ్చేలోపు ఏదో జరిగింది. అది అక్కడ ఒక్కతే ఉంది. జలుబు చేస్తే మందు వేసుకోవడం కూడా గుర్తు చెయ్యాలి దానికి, ఊరందరికీ సూదులేస్తుంది గాని. గైడమ్మాయిని పక్కకు పిలిచి, ఆ కూలిన చర్చికి మళ్లీ తీసుకెళ్తావా అని అడిగాను. "ఆదివారం తిరుగుదారిలో అటే పోతాం, అయిదు నిమిషాలు ఆపమంటే ఆపుతాను" అంది. అప్పటిదాకా దీనికి అనుమానం రాకూడదు.

ఇది తెచ్చిన కాఫీ తాగలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది చల్లారేదాకా.

అక్టోబరు 11, శనివారం

వాన. గుహలు చూడటానికి అందరూ వెళ్లారు. ఒంట్లో బాగాలేదని ఉండిపోయాను. ఇదీ ఉండిపోయింది, నన్ను విడిచి వెళ్లనంది. కిందికి వెళ్లి వేడినీళ్లు తెస్తానని వెళ్లినప్పుడు పెట్టె తెరిచాను.

చర్చినాటి బట్టల మీదే ఉన్నాను ఇన్నాళ్లూ, చలికి పైన కోటు ఉంది కదా అని. ఇవాళ ఉతికిన జాకెట్టు తీసి వేసుకున్నాను. హుక్కులు పడటం లేదు. వేళ్లు వెళ్లిన చోట హుక్కులు లేవు. విప్పి చూస్తే హుక్కుల పట్టీ ఒకవైపు ఉండాల్సింది రెండోవైపు ఉంది. పెట్టెలో ఉన్న జాకెట్లన్నీ తీశాను. అన్నీ అంతే. ఎవరో మార్చి పెట్టారనుకుందామంటే, అది నా కుట్టు. చంక దగ్గర నేను పోసే అడ్డకుట్టు నాకు తెలియదా? నా చేతి పనే. కానీ నేను ఏనాడూ అటు పెట్టలేదు.

కళ్లు సరిగా లేక అటు కుట్టి ఉంటానా? అన్నీనా?

కత్తెర తీశాను. నా కత్తెర, నా వేళ్లకు అరిగిన కత్తెర. బొటనవేలు పట్టే చోట పట్టలేదు. పాత రుమాలు అంచు కత్తిరించబోతే గుడ్డ తెగకుండా రెండు రేకుల మధ్య మడత పడిపోయింది. ఎడమచేతికి మార్చుకుంటే సర్రున తెగింది. ఎడమచేత్తో నేను జీవితంలో ఒక్క దారం కత్తిరించలేదు.

చెల్లి చదువుకోవడానికి తెచ్చుకున్న నవల మంచం మీద ఉంది. తెరిచాను. తెలుగే అనిపిస్తోంది గాని ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. తలకట్లు అటు తిరిగి ఉన్నాయి. అద్దం ముందు పెట్టాను. చదవగలిగాను.

మంచం మీద కూర్చుండిపోయాను.

అది వేడినీళ్లు తెచ్చి, నా చుట్టూ పరిచిన జాకెట్లూ కత్తెరా అద్దం ముందు పుస్తకమూ చూసింది. తలుపు మూసింది.

"నువ్వు ఎవరు?" అన్నాను. "మా చెల్లిని ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదక్కా."

"అక్కా అనకు నన్ను."

వేడినీళ్లు బల్ల మీద పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "నాకు మొదటిరోజే తెలిసింది. బస్సులో. మా అక్కకి మచ్చ ఆ చేతికి కాదు, ఈ చేతికి ఉంటుంది" అని మచ్చలేని నా మణికట్టు మీద వేలు పెట్టింది. "ఇస్త్రీపెట్టె తోసింది నేను. నేను మర్చిపోతానా?"

నా రెండు మణికట్లూ తిప్పి తిప్పి చూసుకున్నాను.

"నువ్వు భోంచేసేది మాకు ఎడమ చెయ్యి. నువ్వు రాసుకుంటుంటే చూశాను, అటునుంచి ఇటు రాస్తున్నావు. నీ గుండె ఎటుందో కూడా చూశాను, నర్సుని కదా, నువ్వు నిద్రపోతుంటే చెయ్యి పెట్టి చూశాను. నువ్వు మా అక్కవి కావు. మా అక్కలాంటి ఇంకో అక్కవి. మా అక్క నీ చోటికి వెళ్లిపోయి ఉంటుంది."

"మరి చెప్పలేదేం?"

"భయపడతావని. అక్కడ మా అక్కకి ఎవరైనా ఇలాగే మొహం మీద చెప్పేస్తే హడలి చస్తుంది కదా. పైకి అంత గయ్యాళి గాని, లోపల ఉత్త పిరికిది."

"ఎవరు, మీ అక్కా?"

"నువ్వూ."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. అది లేచి వేడినీళ్లు గ్లాసులో పోసి, రెండు చేతులతో ఇచ్చింది. కుడో ఎడమో నాకు పట్టింపు రాకుండా అలా ఇస్తోందని ఇప్పుడర్థమైంది.

"మీ అక్కను పోగొట్టుకుని కూడా నాకు రోజూ కాఫీ పట్టుకొచ్చావేమే?"

"నేను నీకిస్తే, అక్కడ మీ చెల్లి మా అక్కకిస్తుందేమోనని."

తాగాను. వేడినీళ్లు కాబట్టి తీపి లేదని బాధ లేదు.

సందులో నాకు తగిలిన భుజం ఈ పిల్ల అక్కదన్నమాట. మిషను నూనె వాసన నాదే.

అక్టోబరు 12, ఆదివారం

బస్సు ఆగింది. ఇద్దరం పరుగెత్తినట్టే వెళ్లాం. నేను అటునుంచి ఇటు, రెండోవైపుగా తిరిగి వస్తే సరిపోతుందని ఇద్దరం అనుకున్నాం. దేవుణ్ణి ఎడమచేతివైపు పెట్టుకుని తిరగడం తప్పని కూడా తోచలేదు నాకు.

నీళ్లు లేవు. తోడేశారు. చర్చి నేల బురదగా, మామూలు బురదగా ఉంది. వెనక గోడకు కర్రలు కట్టి నలుగురు పనివాళ్లు సందులో రాళ్లు పేర్చి మూసేశారు. సున్నం ఇంకా తడిగా ఉంది. గోడ పడిపోతుందని బాగుచేస్తున్నారట. వానలు పడితే నీళ్లు మళ్లీ వస్తాయా అంటే, ఇక రావు ఆంటీ, కింద కాలువ తవ్వారు అంది గైడమ్మాయి.

ఈ పిల్ల గోడ దగ్గరికి వెళ్లి తడి రాళ్ల మీద అరచెయ్యి పెట్టింది. నేనూ వెళ్లి పెట్టాను. చల్లగా ఉంది. అవతలనుంచి కూడా ఇద్దరు చేతులు పెట్టి ఉంటారని నాకు అనుమానం లేదు. నేను ఏం చేస్తే సందులో ఆవిడ అది చేసింది. నేను తిరిగితే ఆవిడ తిరిగింది, నేను సారీ అంటే ఆవిడ అంది.

అప్పుడు తట్టింది నాకు. నేను ఈ పిల్లతో "తాకకు" అన్నాను. అంటే ఆవిడ మా బుజ్జితో "తాకకు" అంది. నేను కాఫీ చల్లారబెట్టి నిలబెట్టాను. మా బుజ్జి కూడా అలా కప్పు పట్టుకుని నిలబడింది. అది కూడా మొదటిరోజే కనిపెట్టి ఉంటుంది. నన్ను పోగొట్టుకున్నానని కిటికీ వైపు తిరిగి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, పరాయి అక్కను కడుపులో పెట్టుకుని చూసుకుంది. ఇన్నాళ్లూ దానికి దొరికింది నా నోరే.

గోడ దగ్గరే కూలబడ్డాను. బస్సు హారన్ కొట్టింది. ఈ పిల్ల నన్ను లేవదీసింది.

అక్టోబరు 13, సోమవారం

పొద్దున సామాను సర్దేటప్పుడు అడిగాను. "ఆ పెళ్లి గుడ్డ ఏదీ?"

అది నమ్మలేనట్టు చూసింది.

"నిలబడు" అన్నాను. సంచీలోంచి నా టేపు తీశాను. నోటికొచ్చిన కొలతలు పక్కన పెట్టి, కొత్త బేరం వచ్చినట్టు మెడనుంచి మొదలుపెట్టాను. కుడి భుజం అర వేలు కిందికి. మెత్త కుడిపక్క వెయ్యాలి. చేతులు పొడుగ్గా ఉండాలా పొట్టిగానా అని అడిగితే, మోచేతి పైకి అని చూపించింది. మందులాయన గురించి కూడా అడిగాను. మంచివాడట. షాపు మూసే ముందు మందులన్నీ వరసలో సర్దితే గాని ఇంటికి వెళ్లడట. మా మందులాయనా అలాంటివాడే అయి ఉంటాడు. నేనెప్పుడూ అడగలేదు.

నేను ఇక్కడ ఎక్కడ కుట్టు వేస్తే ఆవిడ అక్కడ వేస్తుంది. కాబట్టి ఒంటి చేత్తో రెండు పెళ్లి జాకెట్లు కుడుతున్నాను. ఒక్క కుట్టు వంకర పోకూడదు.

గుడ్డ కత్తిరిద్దామని కత్తెర అందుకోబోతే ఈ పిల్ల మెల్లిగా లాగి తీసుకుంది. పాత రుమాలులో చుట్టి పెట్టె అడుగున పెట్టింది. "ఇది మా అక్కది. తను వచ్చేదాకా ఉండనీ. ఇంటికెళ్లాక నీ చేతికి పట్టేది కొంటాను. ఎడమచేతివాళ్లకి వేరే కత్తెర ఉంటుందిట" అంది. వచ్చేదాకా అంది. ఆ సందు మూసేయడం తనూ చూసింది. అక్కడ బుజ్జి కూడా నా కత్తెర చుట్టి పెట్టి ఉంటుంది.

ఇప్పుడు విమానాల దగ్గర కూర్చున్నాం. ఆలస్యమట. మాస్టారు ఎవరూ అడగకుండానే జనాన్ని వరసలో పెడుతున్నారు. ఈ పిల్ల చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. తాకకు అన్న దగ్గరనుంచీ ఊరికే నా చెయ్యి అందుకోవడం లేదు, ఏదో పని పడితే తప్ప.

నా కుడి చెయ్యి, మచ్చ లేనిది, తీసి దాని ఒళ్లో పెట్టాను.

అది నా మొహంలోకి చూసింది. "ఇక్కడేం లేదుగా" అంది.

"లేకపోతేనేం, నిమురు. మీ అక్క కూడా అక్కడ చెయ్యి చాపే ఉంటుంది."

వేలు వచ్చింది. ఏమీ లేని చోట అటూ ఇటూ నిమురుతోంది. కాసేపటికి ఎటో చూస్తూ, తనకే తెలియకుండా నిమరసాగింది. నేను కళ్లు మూసుకున్నాను. బుజ్జి వేలే అది.

రాసే చెయ్యి అదే కాబట్టి, ఈ నాలుగు ముక్కలు రాసుకోవడానికి అడిగి తీసుకున్నాను. బుజ్జి అరచెయ్యి తెరిచి పెట్టుకుని చూస్తోంది. ఇచ్చేస్తాను.